సాయంత్రం రెండు చెంచాలు

మొగుడు తాగుడు మానేస్తే సంసారం బాగుపడుతుందని అందరూ చెబుతారు గానీ, వంటింటి గతి ఏమవుతుందో ఎవరూ చెప్పరు. మానేసిన ఎనభై ఏడు రోజుల్లో అతను ఆమె వంటింటిని మూడుసార్లు సర్దాడు. మొదట డబ్బాలను ఎత్తు ప్రకారం నిలబెట్టాడు. అలా అయితే ఏది ఎక్కడుందో తెలియడం లేదని తర్వాత మూతల రంగు ప్రకారం మార్చాడు. ఆ దెబ్బకు ఉప్పూ పంచదారా ఇరుగుపొరుగై, ఒకరోజు పొద్దున్నే టీ తాగిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవలసి వచ్చింది. తలుపు బందులన్నిటికీ నూనె పెట్టాడు. ఇప్పుడు ఎవరు ఎప్పుడు లోపలికి వస్తారో చప్పుడు లేక, ఆమె రోజుకు రెండుసార్లు ఉలిక్కిపడుతోంది. దుప్పటి మడత పెడితే అంచుకు అంచు కలవాలి. కలవకపోతే విప్పి మళ్లీ మొదలు. అన్నీ అయ్యాక గిన్నెలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని వచ్చి నిలబడతాడు.

"ఇంకేం చేయమంటావు?"

"కాసేపు ఊరికే కూర్చోండి మహానుభావా!"

కూర్చోవడం ఒక్కటే అతని చేత కాదు. ఈ మనిషి ఇంట్లో ఒక్క పని ముట్టుకుంటే చాలని పదమూడేళ్లు కోరుకున్నది ఆమే. ఆ కోరిక ఇంత ధారాళంగా తీరుతుందని అప్పుడు ఊహించలేదు.

ఇవన్నీ పైపై ఫిర్యాదులు. నవ్వుతూ ఎవరికైనా చెప్పుకోవచ్చు. అసలు ఫిర్యాదు మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. అతను నవ్వడం మానేశాడు.

అతను కళ్లజోళ్ల మేస్త్రి. దుకాణం వెనక గదిలో సాన చక్రం ముందు కూర్చుని, అద్దాన్ని ఫ్రేము గాడిలో పట్టేదాకా అరగదీసి బిగించడం పని. ఏ అద్దమైనా కిటికీ ఊచకు ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ కదిపి, ఊచ ఎటు జరిగిందో చూసి పవరు చెప్పేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఇంటికి రాగానే ఆ రోజు వచ్చినవాళ్లందరినీ వరసగా దింపేవాడు. జోడు పెట్టుకోగానే భార్యను చూసి "నువ్వా!" అని ఉలిక్కిపడ్డ పెద్దాయన. లావుగా కనపడని ఫ్రేము ఇమ్మన్న పంతులమ్మ. నవ్వు ముందు అతని భుజాల్లో మొదలయ్యేది. తర్వాత గొంతులోకి ఎక్కేది. పూర్తిగా బయటపడేసరికి చెప్పాల్సిన మాట మధ్యలోనే ఆగిపోయేది, మిగతాది ఆమే ఊహించుకునేది. కొన్నేళ్లు గడిచాక నవ్వుతున్నది అతనో సీసానో తెలియకుండా పోయింది. చివరికి ఇద్దరూ నవ్వడం మానేశారు.

ఇప్పుడు సీసా పోయింది. నవ్వు తిరిగి వస్తుందని ఆమె గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది, బస్సు దిగాల్సిన మనిషి కోసం చూసినట్టు. పైకి ఎలా చెప్పగలదు? తాగుబోతు మొగుడు మారాడని సంతోషించక, సరదాగా లేడని ఏడుస్తోందా అని నలుగురూ నోరు నొక్కుకోరూ!

ఆస్పత్రి డాక్టరు మొదటి రోజే విటమిన్లు రాసింది. పొద్దున బి వన్, మధ్యాహ్నం బి కాంప్లెక్సు, ఫోలిక్ ఆమ్లం. వారానికొకసారి డి. దాంతోపాటు గుడ్లు, పప్పులు, ఆకుకూరలు, పొద్దున ఇరవై నిమిషాల ఎండ. "ఇవి తాగుడు మాన్పించవు. మానడం మీ పనే," అని ముందే చెప్పేసింది. "ఇన్నేళ్లూ మీరు తిన్నది తక్కువ, తిన్నది ఒంటికి పట్టింది ఇంకా తక్కువ. నరాలు ఆకలితో ఉన్నాయి. వాటికి తిండి పెడుతున్నాం. చేతులు కుదురుకుంటాయి, నిద్ర కుదురుకోవచ్చు. మనసు కూడా కొంత తేరుకోవచ్చు. అందరికీ ఒకేలా ఉండదు. తొందరపడొద్దు."

మొదటి వారం చెంచాలో నీళ్లు పెదవుల దాకా చేరేవి కావు. ఇప్పుడు ఆమె సూదిలో దారం అతనే ఎక్కించి ఇస్తున్నాడు. రోజూ మేడ మీద ఎండలో ఆరేసిన దుప్పటిలా కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటాడు. బి కాంప్లెక్సు వేసుకున్న మొదటి రోజు స్నానాలగదిలోంచి పాలిపోయిన మొహంతో వచ్చి, "పచ్చగా పోతోందే, కామెర్లేమో!" అన్నాడు. డాక్టరు ముందే చెప్పిన సంగతే అది. ఆమె పడీ పడీ నవ్వింది. అతను నవ్వలేదు. "అలాగా," అన్నాడు.

దుకాణం యజమాని పది రోజుల కిందట అతన్ని తిరిగి రానిచ్చాడు, కానీ చక్రం దగ్గరికి కాదు. ఫ్రేములు తుడిచి డబ్బాల్లో పెట్టడానికి. "తొంభై రోజుల కాగితం ఆస్పత్రి నుంచి తీసుకురా మేస్త్రీ. ఆ రోజే చక్రం నీది," అన్నాడు. తొంభయ్యో రోజు శనివారం పడింది.

బుధవారం ఆమె మాత్రల కోసం మందుల షాపుకు వెళ్లింది. చీటీలో ఉన్నవన్నీ తీసుకున్నాక వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు.

"మనిషి కాస్త హుషారుగా ఉండటానికి ఏమైనా ఉందా?"

"ఎవరికమ్మా?"

"ఇంట్లో వాళ్లకి."

షాపతను మళ్లీ అడగలేదు. పై అరలోంచి ఒక సీసా దించి గల్లా మీద పెట్టాడు. ముదురు నారింజ రంగు. అట్ట మీద ఉదయిస్తున్న సూర్యుడు, పరిగెడుతున్న కుటుంబం. "నరాలకు శక్తి, ఆకలికి బలం, మనసుకు ఉల్లాసం" అని రాసి ఉంది. కింద విటమిన్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఆమె డిగ్రీలో రసాయనశాస్త్రం చదివింది. పరీక్ష పేపరు చూసుకున్నట్టు ఒక్కొక్క పేరూ చదివి తల ఊపింది. డాక్టరు రాసినవన్నీ ఇందులో ఉన్నాయి, పైగా నాలుగు ఎక్కువ. షాపతను "సాయంత్రం రెండు చెంచాలు" అని తెల్లకాగితం మీద రాసి సీసా వెనక అతికించాడు.

ఆరున్నర అయింది. ఆ ఇంట్లో రోజు మొత్తంలో అతి పొడవైన గంట అది. ఒకప్పుడు అతను మూల మలుపులో సారా కొట్టు దగ్గర బస్సు దిగిపోయే వేళ. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరో పేరు పెట్టి పిలుస్తారని చూస్తున్నట్టు తలుపు వైపు చూస్తాడు. ఆమె సీసా మూత తిప్పింది. నారింజ తొక్క వాసన గుప్పుమంది.

"ఏంటది?"

"విటమిన్లే. ఈసారి తియ్యగా ఉంటాయి. నోరు తెరవండి."

ఒక్క గుటకలో రెండు చెంచాలూ మింగాడు. మింగడంలో అనుభవం ఉన్న మనిషి. కాసేపు నాలుక పై అంగిటికి ఆనించి కూర్చున్నాడు. చెవుల తమ్మెలు ఎర్రబడ్డాయి.

"ఇవాళ ఒకావిడ వచ్చింది," అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె వంటింట్లోకి వేయబోయిన అడుగు ఆగిపోయింది.

"అద్దాలు బాలేవు, మార్చమంటుంది. ఏం బాలేదమ్మా అంటే, ఇవి పెట్టుకున్నప్పటి నుంచీ మా ఇల్లు మురికిగా కనిపిస్తోంది అంటుంది!"

భుజాలు కదిలాయి. నిజంగా కదిలాయి. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది, కదిలితే పిట్ట ఎగిరిపోతుందేమో అన్నట్టు. నవ్వు గొంతులోకి ఎక్కుతోంది. సరిగ్గా అప్పుడే అతని చూపు బల్ల మీది చెంచా మీద పడింది. మాట ఆగిపోయింది. చెంచాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, దించాడు. లేచి వసారాలోకి వెళ్లి, కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. భోజనానికి పిలిచేదాకా ఆ చేతులు కమ్మీని వదలలేదు.

ఆమె మాత్రం ఫస్టు క్లాసులో పాసైన పిల్లలా తిరిగింది. పది నిమిషాల్లో పనిచేసింది! ఇంత త్వరగా పనిచేసే విటమిన్లు లోకంలో లేవన్న సంగతి, రసాయనశాస్త్రం చదివిన ఆ బుర్రకు ఆ పూట తట్టలేదు.

గురువారం ఆరున్నరకు ఆమె సీసా పట్టుకుని వచ్చేసరికి అతను ముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వద్దు."

"ఎందుకని?"

"వాసన తేడాగా ఉంది."

"వాసనల గురించి మీరే చెప్పాలి మరి!"

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ మాట అప్పటికే గది దాటిపోయింది. అతను కిందకు చూశాడు.

"మాత్రలు వేసుకుంటున్నాగా. చాలు."

"నిన్న ఎంత బాగా నవ్వారండీ!"

"అందుకే."

అదేం జవాబో ఆమెకు అర్థం కాలేదు. మగవాళ్ల సిగ్గు అనుకుంది. "నా మీద ఒట్టు" అంది. ఆ మాటకు అతను నోరు తెరిచాడు. టానిక్కును బుగ్గలో ఉంచుకుని తల ఊపి, గబగబా స్నానాలగదిలోకి వెళ్లాడు. కుళాయి చాలాసేపు మోగింది. తర్వాత ఆమె వెళ్లి చూస్తే, తెల్లటి వాష్‌బేసిన్ అంచున నారింజ చుక్క ఒకటి ఇంకా జారుతోంది.

ఆ చుక్కను ఆమె వేలితో తుడిచింది. వాసన చూడలేదు. ఒళ్లు మండింది. ప్రేమగా తెచ్చింది ఉమ్మేస్తాడా! భోజనం అవగానే లేచి వెళ్లిపోయింది. అతనే కంచాలు కడిగి, తుడిచి, ఎత్తు ప్రకారం పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం వదిన వచ్చింది. అతని అక్క. రెండు వీధుల అవతల బడిపిల్లల దుస్తులు కుడుతుంది. మెడలో టేపు తీయకుండానే ఇంట్లోంచి బయల్దేరుతుంది. చిన్నప్పటి సంగతులు చెప్పి తమ్ముణ్ణి ఏడిపించడం ఆవిడ హక్కు. అటక మీది పాత పెట్టెలో జాకెట్ల నమూనాలున్నాయని, అవి తీసుకుపోవడానికి వచ్చింది.

ఆమె అప్పటికే గంట నుంచి టానిక్కు సీసా కోసం వెతుకుతోంది. మందుల అరలో లేదు. రంగుల ప్రకారం సర్దిన డబ్బాల వెనకా లేదు. సరే, ముందు వదిన పని చూద్దామని స్టూలెక్కి పెట్టెను ఇవతలికి లాగింది. పెట్టె వెనక ఏదో ఒరిగింది. గాజు చప్పుడు.

పాత పేపరు చుట్టి, దారంతో కట్టిన సీసా.

ఆ చుట్టడం ఆమెకు తెలుసు. మెడ దగ్గర రెండు మెలికలు, అడుగున ఒక మడత. పదమూడేళ్లలో బియ్యం డబ్బాలో, బూట్లలో, గీజరు వెనక ఎన్ని చూసింది!

"ఏంటే అది?" కింద నుంచి వదిన అడిగి, తనే జవాబు చూసేసింది. "అయ్యో! మళ్లీ మొదలెట్టాడే వీడు! రేపేగా కాగితం ఇచ్చేది!" అని మంచం మీద కూలబడింది.

ఆమె దిగి, దారం విప్పింది. ఒక మెలిక. రెండో మెలిక. పేపరు జారింది. సూర్యుడు ఉదయిస్తున్నాడు, కుటుంబం పరిగెడుతోంది.

ఇద్దరూ దాన్ని చూశారు. ముందు వదినకు వచ్చింది నవ్వు, ముక్కులోంచి. తర్వాత ఆమెకు. బతికిపోయామన్న నవ్వు అది. ఆపుదామంటే ఆగలేదు. ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అప్పుడే, చప్పుడు చేయని తలుపు తెరుచుకుని అతను లోపలికి వచ్చాడు.

"రారా, రా! సారా దాచుకునేవాళ్లను చూశాను గానీ, బి కాంప్లెక్సు దాచుకునే దొంగను నిన్నే చూశానురా తమ్ముడూ!"

అతను చెప్పులు విప్పి, జతగా గోడకు ఆనించాడు.

"పైన పెడితే చేతికందదని పెట్టాను."

"ఎవరి చేతికి?" వదిన ఇంకా నవ్వుతూనే ఉంది.

అతను సంచిలోంచి అన్నం డబ్బా తీసి కడగబోయాడు. ఆమె అడ్డం వెళ్లింది. వదిన ముందు వెనక్కి తగ్గితే ఇక ఎప్పటికీ వినడు అనుకుంది. సీసా వంచి చెంచా నింపి, చంటిపిల్లవాడికి పట్టినట్టు పట్టింది.

"ఆ అనండి."

పెదవులు తెరుచుకోలేదు. అతని గొంతు దగ్గర మాత్రం ఏదో ఒకసారి పైకి లేచి దిగింది. మెల్లగా ఆమె చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. అంచు దాకా ఉన్న చెంచాను ఒక్క చుక్క తొణకకుండా ఆరడుగులు మోసుకెళ్లి, కుళాయి కింద వంచేశాడు. ఆ చెయ్యి వణకలేదు. మరో రోజైతే ఆ సంగతికి ఆమె పొంగిపోయేది.

"పదమూడేళ్లు నేను వద్దన్నదంతా తాగారు. ఇప్పుడు నేను ఇచ్చింది ఒక్కటి మింగలేరా?"

వదిన నవ్వు ఆపేసింది. టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది.

"పదమూడేళ్లు నేను చెప్పిన సాకులన్నీ నమ్మావు," అన్నాడు అతను నెమ్మదిగా. "ఇప్పుడు ఉన్నది చెప్పినా సాకులాగే వినిపిస్తుంది."

"చెప్పి చూడండి."

"వాసన తేడాగా ఉందని చెప్పాగా."

చెప్పులు మళ్లీ వేసుకుని బయటికి వెళ్లాడు. వదిన నమూనాలు తీసుకుని, "వాడి జోలికి పోకు ఇవాళ," అని గొణిగి వెళ్లిపోయింది. ఆమె వసారాలో నిలబడి వీధి చివర చూసింది. మూల మలుపు వైపు వెళ్తాడేమోనని చూసింది. అతను రెండో వైపు తిరిగాడు. అటు చుట్టు తిరిగి రావాలంటే నలభై నిమిషాలు. నలభై నిమిషాలూ ఆమె అక్కడే ఉంది. అతను వెనక్కి వచ్చి, ఆమె మొహం చూసి, అడక్కుండానే నోరు తెరిచి ముందుకు వంగాడు.

"చూసుకో."

ఆమె చూసింది. అదే ఆమెకు తర్వాత చాలా రోజులు గుచ్చుకుంది. అక్కర్లేదు అనలేకపోయింది, ముక్కు దగ్గర పెట్టి చూసింది. చెమట వాసన, దుమ్ము వాసన. అంతే.

శనివారం పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆస్పత్రి పద్ధతి ఒకటుంది: రోగి వాడుతున్నవన్నీ, పేరూ ఊరూ లేనివైనా సరే, సంచిలో వేసి తీసుకురావాలి. ఆమె మాత్రల అట్టలన్నీ వేసింది. పైన టానిక్కు సీసా కూడా పెట్టింది. అది సాక్ష్యం. ఈ మనిషి మందు వేసుకోవడంలో ఎంత మొండికేస్తున్నాడో నర్సు చేత నాలుగు చీవాట్లు పెట్టించాలి. ఆ సీసా సంచిలోకి వెళ్తుంటే అతను చూశాడు. ఏదో అనబోయి, బొత్తాం సరిచేసుకున్నాడు.

నర్సు గది చిన్నది. బల్ల, బరువు చూసే యంత్రం, గోడకు చెయ్యి కడుక్కునే పద్ధతి బొమ్మలు. నర్సు పెద్దావిడ, మాట గట్టి. అతని కార్డు తీసి ముందు పెట్టుకుంది. గళ్ల కార్డు, గడికొక రోజు. ఎనభై తొమ్మిది గళ్లలో నీలి టిక్కులు. పక్కనే యజమానికి ఇవ్వాల్సిన కాగితం, సంతకం కోసం సిద్ధంగా ఉంది.

"చేతులు చాపండి మేస్త్రి గారూ."

చాపాడు. వేళ్ల మీద కాగితం ముక్క పెట్టింది. అది కదల్లేదు.

"బాగుందయ్యా! నిద్ర? ఆకలి? సరే." నర్సు సంచి బోర్లించింది. అట్టల్లో ఖాళీ గుంతలు చూసి తల ఊపింది. సీసా దగ్గర చెయ్యి ఆగింది. "ఇది మేం రాసింది కాదే?"

"అదేనమ్మా నేను చెప్పాలనుకుంటున్నది," అంది ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని. "ఎంత మంచి టానిక్కు! అన్ని విటమిన్లూ ఉన్నాయి. మొండికేసి..."

నర్సు వినడం లేదు. సీసాను వెనక్కి తిప్పి, "సాయంత్రం రెండు చెంచాలు" అన్న తెల్లకాగితం మూలను గోరుతో గీకుతోంది. కాగితం సగం చిరిగి ఊడింది. దాని కింద చీమల్లాంటి అక్షరాలు. నర్సు జోడు నుదుటి మీదికి ఎత్తి, సీసాను ముక్కు దగ్గరకు తెచ్చుకుని చదివింది. తర్వాత మూత తీసి వాసన చూసింది. మూత గట్టిగా బిగించింది.

"ఇందులో ఆల్కహాలుంది. నూటికి పది పాళ్లు."

బుధవారం సాయంత్రం ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఆరున్నర. ఎర్రబడ్డ చెవులు. కదిలిన భుజాలు. తను గరిటె పట్టుకుని మురిసిపోతూ చూసింది ఏ నవ్వునో! "అందుకే" అన్నాడు. ఎవరి చేతికి అందకూడదని అటక మీద పెట్టాడో!

"తాగుడు మానిన మనిషి ఇంట్లో ఉండాల్సిన సీసానా ఇది?" నర్సు గొంతు పెరిగింది. "ఎవరు కొన్నారు?"

"నేనే," అన్నాడు అతను.

ఎనభై తొమ్మిది రోజుల్లో అతను ఆడిన మొదటి అబద్ధం. ఆమె తల తిప్పి చూసింది. అతను కాగితం వైపు గానీ ఆమె వైపు గానీ చూడటం లేదు. చేతులు ఇంకా చాపే ఉన్నాయి, దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

"మీరే కొని, మీరే తాగారా?"

"ఒక్కరోజు."

"తెలియక ఎవరో పోస్తే అది వేరు, డాక్టరమ్మకు చెప్పి సర్దుతాం. మీ అంతట మీరు కొని తెచ్చుకున్నారంటే మాత్రం లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఈ కాగితం ఇవ్వడానికి లేదు. తెలుసుగా?"

"తెలుసు."

నర్సు ఎర్ర కలం మూత తీసింది.

"అది... షాపతను కాగితం అడ్డంగా అతికించాడమ్మా," అంది ఆమె. "కనపడకుండా. లేకపోతే ఎవరైనా..."

కలం మొదటి గడి దగ్గరకు చేరింది. షాపతని మీద నెట్టిన మాట ఎవరినీ ఆపలేదు. ఆమె లేచి, కార్డు మీద అరచెయ్యి పరిచింది. కలం మొన ఆమె వేలికి తగిలి చిన్న ఎర్రగీత పడింది.

"ఆయన కాదు. నేనే కొన్నాను," అంది. "డాక్టరమ్మ తొందరపడొద్దంది, నేను ఆగలేకపోయాను. ఆయన నవ్వాలని నాకు ఆశ. మొదటి రోజు తెలియక మింగారు. మర్నాటి నుంచి వద్దంటూనే ఉన్నారు, ఉమ్మేశారు, దాచిపెట్టారు. వాసన తేడాగా ఉందని చెప్పారు కూడా. నేనే వినలేదు. వెక్కిరించాను. మా వదిన ముందు నోట్లో కుక్కబోయాను." అప్పుడు మొగుడి వైపు తిరిగింది. "తప్పు నాదండీ. పూర్తిగా నాదే."